నాలుగో పేజీలో ఖాళీ గడి

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో పొడిగా తుడుచుకుని, మంచం మీద తెల్ల గుడ్డ పరిచి ప్యాకెట్ విప్పాను. స్టాంపుల దగ్గర నాకు ఈ చాదస్తం ఉంది. గదిలో ఉండే మిగతా ఇద్దరూ నన్ను చూసి నవ్వుతారు, వ్రతానికి కూర్చున్నాడంటారు. నవ్వితే నవ్వనీ. సౌదీలో మేముండే ఈ రాబిగ్‌లో సముద్రపు గాలికి కాగితం కూడా చెమ్మగిల్లుతుంది. తడి చేత్తో ముట్టుకుంటే స్టాంపు పాడైపోతుంది, తర్వాత ఏడ్చేది వాళ్ళు కాదు, నేను.

ప్యాకెట్‌లో మూడు చిన్న పుస్తకాలుంటాయి. మొదటిది అల్ ఖోబర్‌లో ఉండే సార్‌ది. అందులో నాలుగో పేజీ తిప్పగానే నా చెయ్యి ఆగిపోయింది. రెండో గడి ఖాళీగా ఉంది. గడి కింద సార్ తన గుండ్రటి అక్షరాలతో పెన్సిల్‌తో రాసిన వివరం ఉంది: ‘చంద్రుడి మీద ఎనిమిది చక్రాల బండి, సోవియట్, పోస్టు ముద్ర పడినది.’ పైన స్టాంపు లేదు, సంతకం కూడా లేదు. ఎక్కడైనా జారిందేమోనని గుడ్డంతా తడిమాను. ఒక స్టాంపు కోసం ఇంత కంగారా అని ఎవరైనా అనొచ్చు. మా పద్ధతి తెలిస్తే అనరు.

మేం పోగుచేసేది మనిషి ఎక్కని అంతరిక్ష నౌకల స్టాంపులు మాత్రమే. ఉపగ్రహాలు, చంద్రుడి మీదికీ శుక్రుడి మీదికీ వెళ్ళిన యంత్రాలు, అంగారకుడి మీద తిరిగే బళ్ళు. బొమ్మలో హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒక్కడు కనిపించినా ఆ స్టాంపు మాకు పనికిరాదు. ఈ పట్టింపు మొదలుపెట్టింది సార్. ఆయన ఇంజినీరు, కాకినాడ వైపు మనిషి, ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నారు. రెండో అతను బురైదాలో ట్రైలర్ నడుపుతాడు, రాయచోటి దగ్గరి వాడు, నేను భాయ్ అంటాను. మూడోవాణ్ణి నేను. మాది జగిత్యాల పక్క. ఇక్కడ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మనిషి వెళ్ళలేని చోట వేడి ఎంతుందో, ఒత్తిడి ఎంతుందో కొలిచి కబురు పంపే యంత్రాలను చూసుకోవడమే నా ఉద్యోగం. అందుకే ఈ స్టాంపుల మీద ప్రేమ పుట్టిందనుకుంటాను. ఒకప్పుడు మా జట్టులో ఏడుగురం ఉండేవాళ్ళం. ఒక్కొక్కరే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, మళ్ళీ తిరిగిరాకుండా ఇళ్ళకు పోయారు, ముగ్గురం మిగిలాం.

మా దగ్గర ఎక్కువైన స్టాంపులను ఎవరికి వాళ్ళం ఒక చిన్న పుస్తకంలో అతికిస్తాం. పేజీకి ఆరు గడులు. మూడు పుస్తకాలూ కలిపి కట్టిన ప్యాకెట్ ఖోబర్ నుంచి కొరియర్‌లో బురైదా చేరుతుంది. అక్కడి నుంచి జిద్దాకు లోడు వేసుకుని వచ్చేటప్పుడు భాయ్ కాస్త పక్కకు తిరిగి రాబిగ్‌లో నా చేతికిస్తాడు. నేను మళ్ళీ ఖోబర్‌కు పంపిస్తాను. నచ్చిన స్టాంపు తీసుకుని ఆ ఖాళీ గడిలో సంతకం పెట్టాలి. దానికి సరితూగే స్టాంపు ఒకటి మన దగ్గరి నుంచి ఆ పుస్తకం వెనక అరలో పెట్టాలి. డబ్బు మాటే లేదు. గడి ఖాళీగా, సంతకం లేకుండా మన దాకా వచ్చిందంటే ముందు దాని కింద ‘ఖాళీగా వచ్చింది’ అని రాసి, తారీఖు వేసి, మిగతా ఇద్దరికీ చెప్పాలి. ఈ నియమాలన్నీ సార్ పెట్టినవే. ఒకసారి నేను, పంపే ముందు పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. సంతకం చాలని చోట ఫోటో కూడా చాలదన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు నా ముందు ఖాళీ గడి ఉంది. సార్ తన పుస్తకం తనే తయారు చేశారు, వివరం ఆయన చేతిరాతే. నేను తియ్యలేదు. మధ్యలో ఉన్నది ఒక్కడే.

పైగా భాయ్‌కి ఆ స్టాంపు మీద ఎంత ఆశో నాకు తెలుసు. అతను పోగుచేసేది చక్రాలున్న వాటినే. ఉపగ్రహం చూపిస్తే పెదవి విరుస్తాడు. డ్రైవరన్నాక బండి ఉండాలి గానీ గాల్లో తేలే డబ్బాలతో ఏం పని అంటాడు. చంద్రుడి మీద నడిచిన ఆ ఎనిమిది చక్రాల బండి స్టాంపు సార్ దగ్గర ఉందని తెలిసినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు, నాలుగేళ్ళయింది. సార్ ఎప్పుడూ నవ్వి ఊరుకునేవారు. అది ఆయన వైజాగ్‌లో చదువుకునే రోజుల్లో రష్యా నుంచి ఒక కలం స్నేహితుడు రాసిన ఉత్తరం మీద వచ్చినదట. ముద్ర మీద ఆ ఊరి పేరు సగం కనిపిస్తుందట. అలాంటిది ఆయనే మార్పిడికి పెట్టారు. భాయ్ దగ్గర దానికి సరితూగేది ఏదీ లేదు, పోయిన చుట్టులో అతనే ఆ మాటన్నాడు. ఇంకేముంది, మనసాగలేదు, తీసేసుకున్నాడు. సంతకం పెడితే బదులు పెట్టాలి గనక పెట్టలేదు. లెక్క సరిగ్గా సరిపోయింది. సరిపోకపోతే బాగుండేదనిపించింది.

సాయంత్రం దాకా ఆ గుడ్డ మీద నుంచి లేవలేదు. ‘ఖాళీగా వచ్చింది’ అని రాయడానికి పెన్ను తీశాను. ముగ్గురిలో ఇద్దరిని తీసేస్తే మిగిలేది ఎవరో చిన్నపిల్లలైనా చెబుతారు. ఆ రెండు ముక్కలు రాయడమంటే అతని పేరు రాసినట్టే. సార్ ఇలాంటి విషయంలో చాలా కఠినం. వెనకటి రోజుల్లో ఒకతను సంతకం పెట్టి బదులు పెట్టకపోతే, ఆ ప్యాకెట్ మళ్ళీ అతని ఊరికి వెళ్ళలేదు. భాయ్ నాకు ఎలాంటి వాడు? కరోనా రోజుల్లో క్యాంపు మూసేస్తే గేటు బయట నిలబడి నాకు మందులు అందించినవాడు. ఎప్పుడొచ్చినా సుక్కరీ ఖర్జూరాల డబ్బా లేకుండా రాడు. ఫోన్ చేసి అడుగుదామా అనుకున్నాను. అడిగితే ఒప్పుకోవాలి, లేదా అబద్ధం ఆడాలి. అతన్ని ఆ రెంటిలో దేనికీ నిలబెట్టలేననిపించింది. నిజం చెప్పాలంటే అడగడానికి నాకే ధైర్యం చాల్లేదు.

చివరికి ఆ గడిలో నా సంతకం పెట్టేశాను. నా ఆల్బమ్‌లోంచి, వేడికి కరిగేలోపు శుక్రుడి నేల మీద కాసేపు నిలిచి కబురు పంపిన నౌక స్టాంపు తీసి వెనక అరలో పెట్టాను. నా దగ్గరున్న వాటిలో అదే మేలైనది. ప్లాంటులో వాల్వు మూస్తే దానికి నా తాళం వేసి, నా పేరు చీటీ కడతాను, ఆ తాళం నేను తప్ప ఎవరూ తియ్యకూడదు. ఒకసారి ఒక ఫిట్టర్ పక్కవాడి చీటీ మీద తన పేరు రాసుకుంటే నేను ఊగిపోయి అతన్ని అందరి ముందూ కడిగేశాను. అలాంటివాణ్ణి, నేను చెయ్యని పనికి నా పేరు రాసుకున్నాను. రాసుకుని, ఎంత మంచివాణ్ణో కదా అనుకున్నాను కూడా. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

సార్ దగ్గర నుంచి ఏ మాటా రాలేదు. ప్యాకెట్ చేరిందని మాత్రం చెప్పారు. ఒక్కో పుస్తకం రెండు మూడు చుట్లు తిరుగుతుంది కాబట్టి, మూడు నెలల తర్వాత అదే పుస్తకం భాయ్ చేతుల మీదుగా మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. హైవే పక్క పెట్రోలు బంకు దగ్గర, బంగ్లాదేశ్ వాళ్ళు నడిపే హోటల్లో కలుసుకున్నాం. అతను ప్యాకెట్ బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ నేను దాన్ని అలాగే సంచిలో వేసుకునేవాణ్ణి. ఆ రోజు తెలియకుండానే నా చేతులు దారం విప్పాయి. అతని ముందే పేజీ తర్వాత పేజీ తిప్పి, ఖాళీ గడులన్నిటిలో సంతకాలున్నాయో లేవో చూశాను. ఊరికే చూస్తున్నట్టు నటించాను గానీ నా నటన గురించి నాకు తెలుసు. అతను టీ తాగుతూ నా వేళ్ళ వంకే చూశాడు. తాగిన టీ గ్లాసు పక్కకు జరిపి, లోడుకు ఆలస్యమవుతోందని లేచాడు.

ఖర్జూరాల డబ్బా తేలేదని అతను వెళ్ళిపోయాక గమనించాను. లోపల తప్పు పొడుస్తోంది కాబట్టే మొహం చాటేస్తున్నాడు అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. నేను అంత చేస్తే తనకు నా మొహం చూడటం కష్టమైందా అని. తర్వాతి చుట్టులోనూ అంతే, నేను పేజీలు తిప్పడం, అతను చూస్తూ కూర్చోవడం. అంతకు ముందు గంటసేపు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు పది నిమిషాలు కూడా గడిచేవి కావు. ఇంటి సంగతులు అడిగితే బాగున్నారు అని ఊరుకునేవాడు.

అప్పుడు సార్ ఫోన్ వచ్చింది. నేను కంట్రోల్ రూమ్ బయట ఉన్నాను. వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్ అని, కంపెనీ కాగితాలన్నీ అయిపోయాయని చెప్పారు. సంతోషం సార్ అన్నాను. తర్వాత అసలు సంగతికి వచ్చారు.

“ఒక రిక్వెస్ట్ అండీ. ఆ మూన్ రోవర్ స్టాంపు మార్పిడిలోకి వెళ్ళకూడదు. బై మిస్టేక్ వెళ్ళిపోయింది. పుస్తకంలో మీ సంతకం చూశాను. అది నాతో ఇంటికి రావాలి. మీరు ఏ పేజీ కావాలంటే ఆ పేజీ తీసుకోండి, కానీ అది మాత్రం నాకు ఇచ్చెయ్యండి.”

తప్పకుండా సార్ అన్నాను. ఇంకేం అనను? సంతకం నాది. లేదు అంటే దొంగ నేనే అవుతాను. నేను తియ్యలేదు అంటే సంతకం ఎందుకు పెట్టావంటారు, దానికి జవాబు చెబితే భాయ్ దొంగవుతాడు. మంచితనం నా పీకకే చుట్టుకుంది.

అదే సాయంత్రం సార్ మళ్ళీ ఫోన్ చేశారు. మళ్ళీ అదే మాట మొదటి నుంచి చెప్పారు, ఎగ్జిట్ సంగతితో సహా. గంట తర్వాత ఇంకోసారి. నా మీద నమ్మకం పోయి ఒత్తిడి చేస్తున్నారనుకున్నాను. మూడోసారి నా గొంతు కాస్త గట్టిగానే పలికింది. ఆయన నొచ్చుకున్నట్టు సరే సరే అని పెట్టేశారు.

తర్వాతి శుక్రవారం జిద్దా వెళ్ళాను. పాత బజారులో నాణేలు, స్టాంపులు అమ్మే దుకాణాలు తిరిగాను. ఒక యెమెన్ ముసలాయన పెట్టెల నిండా సోవియట్ స్టాంపులు ముందు పోశాడు. ఎనిమిది చక్రాల బండి కనిపించింది కూడా, ముద్ర లేకుండా కొత్తగా మెరుస్తూ. దాన్ని చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సార్ స్టాంపు మీద స్నేహితుడి ఊరి ముద్ర ఉంటుంది. యాభై ఏళ్ళుగా చూసుకుంటున్న దాన్ని ఆయన పోల్చుకోలేరా? ఒక్క క్షణం, దీన్నే ఇచ్చి ఆయన కళ్ళు సరిగా కనబడవులే అనుకుందామా అని కూడా అనిపించింది. ఆ ఆలోచనకు నన్ను నేనే తిట్టుకున్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని భాయ్‌కి ఫోన్ చేశాను.

సూటిగా అడగలేకపోయాను, అప్పుడు కూడా. సార్ వెళ్ళిపోతున్నారని, ఆ స్టాంపు ఆయనకు కావాలని చెప్పి, నీళ్ళు నమిలి అసలు మాటకొచ్చాను.

“ఎవ్వల దగ్గరున్నా సరే భాయ్, సప్పుడు గాకుండ ఇచ్చేస్తె అయిపోతది. నేనేం అడగ.”

అటువైపు అతను బండి గేరు మార్చిన శబ్దం వినిపించింది.

“ఎవురి కాడుంటే వాళ్ళు ఇస్తార్లే బ్బా” అని పెట్టేశాడు.

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత తెగింపా అనుకున్నాను. ఇక దాచేది లేదు, ఖోబర్ వెళ్ళి సార్ ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తానని నిశ్చయించుకున్నాను. ఎంత చెప్పినా వినని సూపర్‌వైజర్ కాళ్ళా వేళ్ళా పడి రెండు రోజుల సెలవు తీసుకున్నాను. జిద్దా నుంచి, ఖోబర్ పక్కనే ఉన్న దమ్మామ్‌కు వెళ్ళే విమానంలో కూర్చున్నంతసేపూ, మొదట ఏ మాటతో మొదలుపెట్టాలా అనే కూడబలుక్కున్నాను. సార్, ఆ సంతకం నాదే కానీ స్టాంపు నేను తియ్యలేదు. తర్వాత ఎవరు తీశారని అడుగుతారు. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ మళ్ళీ మొదటి మాటకు వెళ్ళిపోయేవాణ్ణి. అయినా చెప్పి తీరాలనుకున్నాను.

సార్ ఉండే ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తెరిచింది భాయ్. నేను గుమ్మం ముందే నిలబడిపోయాను. దమ్మామ్ లోడు వేయించుకుని ముందు రోజే వచ్చాడట. చేతులకు దుమ్ము, మెడలో టేపు చుట్ట. సార్ సామాన్లు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. రా బ్బా అన్నాడు, అంతే. లోపల సగం ఖాళీ అయిన హాల్లో సార్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి ముందు కొంచెం తడబడ్డారు, తర్వాత గుర్తుపట్టి నవ్వారు. వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చారు. ఆవిడను నేను అంతకు ముందు రెండుసార్లే చూశాను, మేం అమ్మ అంటాం.

నేను కూర్చున్నానో లేదో సార్ అడిగారు.

“తెచ్చారా అండీ?”

భాయ్ నా ఎదురుగానే ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తల దించుకోలేదు. నా వంకే చూస్తున్నాడు. ఆ చూపు తగిలి విమానంలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“సార్, ఆ స్టాంపు నా దగ్గర లేదు. అసలు ఆ గడి...”

“ఇదిగోండి, మీ ఆల్బమ్” అంటూ అమ్మ నా మాటకు అడ్డొచ్చారు. గబగబా నడిచొచ్చి ఒక పాత ఆల్బమ్ సార్ ఒడిలో పెట్టి పేజీ తెరిచారు. నేను కూర్చున్న చోటు నుంచి కూడా కనిపించింది. పేజీ మధ్యలో ఒక్కటే స్టాంపు. నల్లటి ఆకాశం, బూడిద రంగు నేల, దాని మీద ఎనిమిది చక్రాల బండి. మూల మీద సగం ముద్ర.

సార్ దాన్ని వేలితో తాకకుండా చాలాసేపు చూశారు. ఆయన మొహం తేటపడింది. తలెత్తి నా వైపు చూసి, మాటంటే మాటే, తెచ్చి ఇచ్చేశారు, థాంక్స్ అన్నారు. తల ఊపాను. ఐదు నిమిషాల తర్వాత ఆయన మళ్ళీ అదే నవ్వుతో, ఎప్పుడు వచ్చారు, ఏ విమానం అని అడిగారు.

టీ పెడతానని లేచిన అమ్మ వెనకే వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ గొంతు తగ్గించారు.

“అది ఈ ఇల్లు దాటలేదు బాబూ. సంవత్సరం నుంచీ ఆయనకిలాగే ఉంది. పుస్తకంలో దాని వివరం రాసేశారు, స్టాంపు మాత్రం చేతిలోంచి ఇవ్వలేదు. తర్వాత అది ఇంట్లోనే ఉందన్న సంగతే మర్చిపోయారు. మీ ఫ్రెండుకి అప్పుడే చెప్పాను కదా, మీకు చెప్పలేదా?”

ఒక్క రోజులో మూడుసార్లు ఫోన్ చేసింది అందుకన్నమాట. నేను ఆ పెద్దాయన మీద గొంతు పెంచాను. అంతకన్నా ఘోరం హాల్లో పెట్టె మీద కూర్చుని ఉంది.

టీ ఎలా తాగానో గుర్తులేదు. సార్‌కు దండం పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ప్యాకెట్ ఆగకూడదు, ఇద్దరున్నా చాలు, తిప్పుతూ ఉండండి అన్నారు. తన పుస్తకాన్ని మా ఇద్దరికీ కలిపి ఇచ్చేశారు. భాయ్, నేను మెట్లు దిగి వీధిలోకి వచ్చాం. మధ్యాహ్నపు ఎండలో షాపులు మూసి ఉన్నాయి. అతని ట్రైలర్ ఖాళీ స్థలంలో ఆగి ఉంది. దాని నీడలోకి వెళ్ళాక ఇక ఉండబట్టలేక అడిగాను.

“నాకెందుకు జెప్పలే భాయ్?”

“ప్యాకెట్ నా కాడికి వచ్చిన పొద్దే ఆ గడి సూసినా. సార్ ఇంటికి ఫోన్ చేస్తి. అమ్మ ఎత్తింది, సంగతి చెప్పి ఏడ్చింది. గడి కింద ఏమీ రాయొద్దు, సార్‌కు తెలిస్తే నొచ్చుకుంటాడు అనింది. సరే అంటి. నీకు ఇచ్చిన పొద్దు లోడు దించేది ఉండె, నిలబడి చెప్పేకి టైము ల్యా. నువ్వు గడి సూస్తానే ఫోన్ చేస్తావులే, అప్పుడు చెప్దాం అనుకుంటి.”

నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అతని గొంతులో కోపం లేదు, అదే నాకు మరీ కష్టంగా ఉంది.

“నువ్వు ఫోన్ చెయ్యల్యా. మళ్ళీ చుట్టులో పుస్తకం తెరిస్తే ఆ గడిలో నీ సంతకం ఉంది. ఎనక నీ శుక్రుడి స్టాంపు ఉంది. ఆడికే అర్థమైపాయ నాకు. నన్ను దొంగ అనుకోకపోతే నువ్వు ఆ సంతకం ఎందుకు పెడతావు?”

నేను క్షమించమన్నాను. ఎన్ని రకాలుగా అన్నానో నాకే తెలియదు. నిన్ను కాపాడదామనే పెట్టానన్నాను. ఆ మాట అంటుంటే నా చెవులకే అసహ్యంగా వినపడింది. దొంగ కాని వాణ్ణి కాపాడటానికి ముందు దొంగను చెయ్యాలి, ఆ పని నేను మంచం మీద తెల్ల గుడ్డ పరుచుకుని ఒక్కణ్ణే కూర్చుని చేశాను. ఒక ఫోన్ చేసి ఉంటే అయిపోయేది. అతను చేశాడు, నేను చెయ్యలేదు.

భాయ్ బండి ఎక్కి, సీటు వెనక నుంచి ప్యాకెట్ తీసి తెచ్చాడు. ఈ చుట్టు ఎలాగూ ఇక్కడే కలుస్తున్నాం కాబట్టి ఇప్పుడే తీసుకోమన్నాడు. నేను దాన్ని అలాగే సంచిలో వేసుకోబోయాను.

“సూసుకో” అన్నాడు.

వద్దు భాయ్ అన్నాను. చూడాల్సిన పని లేదన్నాను.

“లేదు, నా ముందరే సూసుకో. ఎప్పుడూ సూసుకుంటావు గదా.”

అతను అక్కడి నుంచి కదల్లేదు. దారం విప్పాను. చేతులు కడుక్కోలేదు, చెమట పట్టి ఉన్నాయి. అతని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాను, ప్రతి గడిలో స్టాంపో సంతకమో ఉంది. తర్వాత నా పుస్తకం తెరిచాను. ఐదో పేజీలో ఒక గడి ఖాళీగా ఉంది. అంగారకుడి మీది బండి అని కింద నా అక్షరాలే ఉన్నాయి. స్టాంపు అతికించడం నేనే మరిచిపోయాను. అది భాయ్ కోసమే తీసి పెట్టినది, రాబిగ్‌లో నా ఆల్బమ్‌లోనే ఉండిపోయి ఉంటుంది. నా అక్షరాల కింద పెన్నుతో, గట్టిగా ఒత్తి రాసిన రెండు ముక్కలున్నాయి: ‘ఖాళీగా వచ్చింది.’ కింద అతని సంతకం, తారీఖు.

ఆ పేజీ మీద నుంచి నేను తలెత్తేదాకా ఆగి, అతను బండెక్కి తలుపు వేసుకున్నాడు.